పదకొండేళ్ల వాడకంలో ‘సెరామిక్’: మా ఇంట్లో నిలిచినవి, నిలవనివి

పదకొండేళ్ల కిందట నెల్లూరులో ఇల్లు కట్టుకున్నప్పుడు ‘సెరామిక్’ అంటే ఇనుములాగా, రాగిలాగా ఒక పదార్థం పేరేనని అనుకున్నాను. ఆ పేరున్న వస్తువులన్నిటికీ ఒకే గుణం ఉంటుందని నమ్మి టైల్స్, దోసె పెనం, కాఫీ కప్పులు కొన్నాను. వాటిలో కొన్ని ఈనాటికీ చెక్కుచెదరలేదు, కొన్ని రెండేళ్లు కూడా నిలవలేదు. అదే పేరుతో కొన్న వస్తువుల మధ్య ఇంత తేడా ఎందుకుందో వాడుతూ, అడుగుతూ, చదువుతూ తెలుసుకున్నాను.

అన్నిటికన్నా ముందు మా అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ గురించి చెప్పాలి. పైన గోధుమ రంగు, కింద మీగడ తెలుపు ఉన్న ఆ జాడీ వయసులో నాకన్నా పెద్దది. ఏటా వేసవిలో కడిగి, ఎండబెట్టి, తుడిచి అందులోనే పచ్చడి పెడుతున్నాను. ఇన్నేళ్లుగా ఉప్పు, పులుపు, కారం, నూనె తగులుతున్నా లోపలి నునుపు తగ్గలేదు, పాత పచ్చడి వాసన కొత్తదానికి అంటలేదు. దాన్ని బోర్లించి చూస్తే అడుగున పూత లేని వలయం ఒకటి ఉంటుంది. వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది. ఆ గరుకు చోట నీటి చుక్క వేసినా అది ఇంకదు, పూసలాగా నిలబడుతుంది. ఇది స్టోన్‌వేర్ రకం. సుమారు 1,200 డిగ్రీల సెల్సియస్‌కు పైన కాల్చడం వల్ల మట్టిలో కొంత భాగం కరిగి, రేణువుల మధ్య సందులను పూడ్చేసింది. జాడీని కాపాడుతున్నది పైపూత ఒక్కటే కాదు, లోపలి మట్టి కూడా రాయిలాగా గట్టిపడింది.

చేపల పులుసు వండే మట్టి చట్టి కూడా సెరామిక్కేనంటే మా ఇంట్లో మొదట ఎవరూ ఒప్పుకోలేదు. సెరామిక్ అనే మాటకు మూలం గ్రీకు భాషలో కుమ్మరి మట్టికి ఉన్న పేరు, ‘కెరామోస్’. ఎండిన పచ్చి కుండను నీళ్లలో వేస్తే మళ్లీ బురదవుతుంది. అదే కుండను ఆవంలో కాలిస్తే, సుమారు 500, 600 డిగ్రీల మధ్య మట్టి రేణువుల నిర్మాణంలో కలిసి ఉన్న నీరు సైతం వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఎన్నాళ్లు నానబెట్టినా అది తిరిగి మట్టి ముద్ద కాదు. లోహం కాని ఖనిజ పదార్థాన్ని మలిచి, నిప్పుతో ఇలా శాశ్వతంగా మార్చినదాన్ని సెరామిక్ అంటారు. ఇటుక, ఇంటి పెంకు, కుండ, జాడీ, పింగాణీ కప్పు ఒకే కుటుంబంలోవి. వాటి మధ్య తేడా మట్టి రకంలోనూ, కాలిన వేడిలోనూ ఉంది.

మట్టి చట్టి సాధారణంగా 1,000 డిగ్రీల లోపే కాలుతుంది కాబట్టి దాని నిండా సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. అందుకే కొత్త చట్టిని ఒక రోజంతా నీళ్లలో ఉంచి, గంజి పోసి కాచిన తర్వాతే పులుసుకు వాడతాను, సబ్బు ఎప్పుడూ తగలనివ్వను. మామిడికాయ ముక్కలు వేసి కాచిన పులుసు రాత్రంతా చట్టిలోనే ఉన్నా, పులుపు వల్ల అల్యూమినియం గిన్నెలో వచ్చే లోహపు రుచి రాదు. ఒక చట్టి మాత్రం నా తొందరపాటు వల్లనే పోయింది. పొయ్యి మీద నుంచి దించిన వెంటనే చన్నీళ్లు పోయడంతో నిలువునా పగిలింది. సెరామిక్ ఎంత వేడినైనా తట్టుకుంటుందన్నది సగం నిజమే, హఠాత్తుగా మారే వేడిని చాలా రకాలు ఓర్చుకోలేవు.

ఈ కుటుంబానికి ఇరుగుపొరుగు అనదగిన పదార్థాలన్నీ మా ప్రాంతంలోనే దొరకడం వల్ల తేడా తెలుసుకోవడం నాకు తేలికైంది. మా వంటింటి గట్టు మీద పరిచిన గెలాక్సీ గ్రానైట్ మా అత్తగారి ఊరు చీమకుర్తి నుంచి వచ్చింది. దాన్ని భూమి తయారుచేసింది, మనం కోసి మెరుగు పెట్టుకున్నాం. కాబట్టి అది రాయి, సెరామిక్ అనకూడదు. గూడూరు, సైదాపురం ప్రాంతపు మైకా కూడా ఖనిజమే. పాత ఇస్త్రీపెట్టె విప్పితే లోపల మైకా రేకు, మీటరు దగ్గర పింగాణీ ఫ్యూజు కనిపిస్తాయి. రెండూ కరెంటును ఆపుతాయి కానీ మొదటిది గనిలోంచి వచ్చింది, రెండోది బట్టీలోంచి వచ్చింది. చిల్లకూరు, కోట మండలాల తెల్లని సిలికా ఇసుక గాజు తయారీకి వెళుతుంది. గాజు పూర్తిగా కరిగి, స్ఫటికాలు కట్టకుండానే గట్టిపడుతుంది. సెరామిక్ వస్తువు బట్టీలో తన ఆకారం పోగొట్టుకోకుండానే గట్టిపడుతుంది. అయితే జాడీ మీద మెరిసే పూత మాత్రం గాజే. సిమెంటు నీటితో గట్టిపడేది కనుక దాని దారి వేరు. సెరామిక్ టెక్నాలజీ బోధించే ప్రభుత్వ విద్యాసంస్థ గూడూరులోనే ఉందన్నది ఇక్కడి చాలామందికి తెలియదు, తెలియాలని నా కోరిక.

నాకు బాగా నష్టం కలిగించినవి టైల్స్. గోడ కోసం తయారైన పూత టైల్స్‌ను దుకాణంవారి మాట మీద స్నానాలగది నేలకు కూడా వేయించాను. “రెండూ సెరామిక్కే మేడం, ధరలోనే తేడా” అన్నారు. మూడేళ్లకల్లా బకెట్టు పెట్టే చోట పూత అరిగి, లోపలి ఎర్రమట్టి బయటపడి, నీరు పీల్చి, చుట్టూ మరక పాకింది. గోడ టైల్స్ సాధారణంగా తమ బరువులో 10 శాతానికి మించి నీరు పీల్చే రకం, లోపలిదాకా గాజులా గట్టిపడేలా కాల్చిన విట్రిఫైడ్ టైల్స్ పీల్చేది 0.5 శాతానికి మించకూడదు. రెండిటినీ సెరామిక్ అనడంలో తప్పు లేదు, కానీ కొనేవారికి ఆ ఒక్క మాట ఏమీ చెప్పదు. నేల తవ్వించి మళ్లీ వేయించేటప్పుడు నేను దుకాణంలోనే రెండు రకాల పలకలను వెనక్కి తిప్పి, చెరో చుక్క నీరు వేశాను. గోడ టైల్ మీది చుక్క చూస్తుండగానే ఇంకి నల్లని మచ్చ అయింది, విట్రిఫైడ్ మీది తుడిచేదాకా అలాగే ఉంది. ఎనిమిదేళ్లుగా ఆ నేల మీద ఒక్క మరక లేదు.

దోసె పెనం విషయంలో పేరే నన్ను తప్పుదారి పట్టించింది. అది అల్యూమినియం పెనం. దాని మీద సిలికా ఆధారంగా తయారైన పలుచని పూతను జాడీని కాల్చేదానికన్నా ఎంతో తక్కువ వేడిలో గట్టిపరుస్తారు. టెఫ్లాన్ లేకపోవడం దాని మేలు, అది ఒప్పుకుంటాను. మొదటి ఎనిమిది నెలలు దోసె కాగితంలా లేచి వచ్చింది. ఏడాదిన్నరకు నడిమధ్య అల్యూమినియం మెరుపు కనిపించి, ఎంత నూనె వేసినా దోసె అతుక్కుపోయింది. ఇప్పుడు పోత ఇనుప పెనమే వాడుతున్నాను.

కాఫీ కప్పులు బోన్ చైనావి. కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి వేళ్ల నీడ కనిపిస్తుంది, పలుచగా ఉన్నా అంచు పెచ్చులూడలేదు. అసలైన బోన్ చైనాలో జంతువుల ఎముకల బూడిద కలుస్తుంది, శాకాహారులు కొనే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. రంగురంగుల అలంకరణ గిన్నెల్లో మాత్రం చింతపండు పులుసు, పచ్చళ్లు నిల్వ చేయను. కొన్ని పూతల్లో సీసం ఉంటుంది, పులుపు దాన్ని బయటికి లాగుతుంది.

ఇక మిగిలింది నీళ్ల ఫిల్టరులోని తెల్లని క్యాండిల్. జాడీలో ఉంటే లోపమనిపించే రంధ్రాలే ఇక్కడ పని చేస్తాయి కాబట్టి దానికి పూత ఉండదు. పదిహేను రోజులకొకసారి మెత్తని బ్రష్షుతో రుద్దినప్పుడు పైన పేరుకున్న పసుపుపచ్చని ఒండ్రు పోయి, కింద సుద్దలాంటి తెలుపు మళ్లీ బయటపడుతుంది.