1981 కాడిలాక్ వీ8-6-4: వైరు పీకేసే ముందు ఏసీ ప్యానెల్‌ని అడగండి

అవసరాన్ని బట్టి ఎనిమిది, ఆరు లేదా నాలుగు సిలిండర్లతో నడిచే ఇంజన్ ఇది, మిగతావాటిని కంప్యూటర్ ఆపేస్తుంది. దీని గురించి ఎవరిని కదిపినా ముందు వచ్చే మాట ఒకటే. "ట్రాన్స్‌మిషన్ దగ్గర ఒక వైరు ఉంటుంది, పీకేయండి, గొడవ వదిలిపోతుంది." ఇక్కడ మిషిగన్‌లో పాత కార్లు చూసే మెకానిక్‌లు అదే చెప్పారు. మా ఆఫీసులో మన తెలుగు తమ్ముడొకడు కూడా "పీకి పారేయ్ అన్నా, హాయిగా ఎనిమిదితోనే తిరుగు" అన్నాడు. మాట అబద్ధం కాదు, మూడో గేర్‌లో పడ్డామని తెలిస్తేనే కంప్యూటర్ సిలిండర్లు ఆపుతుంది, ఆ కబురు మోసుకెళ్లేది ఆ వైరే, అది ఊడితే ఇంజన్ ఎప్పటికీ ఎనిమిది సిలిండర్ల మీదే ఉండిపోతుంది. కానీ ఈ సెడాన్ డివిల్‌ని ఏళ్ల తరబడి నడుపుతున్నవాడిగా నేను చెప్పేది వేరు. ఈ కారులో నాకు ప్రాణమైనది ఆ సిలిండర్లు ఆపే వ్యవస్థ కూడా కాదు, తన ఒంట్లో ఏం బాగాలేదో డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడికి చెప్పే ఆ ఏసీ ప్యానెల్.

ఆరు లీటర్లు, 140 హార్స్‌పవర్, ఈటన్ కంపెనీ వాళ్ల సాంకేతికత, ఇవన్నీ ఈ కారు సంగతి వెతికేవాళ్లకి తెలిసినవే. తెలియాల్సింది ఇది: ఏసీ ప్యానెల్‌లో ఆఫ్, వార్మర్ బటన్లు రెండూ కలిపి నొక్కితే, అప్పటిదాకా టెంపరేచర్ చూపించిన అంకెల స్థానంలో కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న లోపాల కోడ్‌లు వస్తాయి. అక్కడితో అయిపోదు. సెన్సర్లు ఆ క్షణంలో ఏం చెబుతున్నాయో చూడొచ్చు, బానెట్ కింద సొలినాయిడ్‌లని (కరెంట్ అందగానే కదిలే విద్యుత్ అయస్కాంత మీటలని) ఒక్కొక్కటిగా పనిచేయించి చూడొచ్చు, అన్నింటికన్నా ముఖ్యం, సిలిండర్లని జత జతగా మన చేత్తో ఆపొచ్చు. బయట నుంచి ఏ పరికరమూ తగిలించక్కర్లేదు. కారు తన లోపాలని తానే గుర్తించి కోడ్‌లుగా చెప్పే ఓబీడీ-2 అనే పద్ధతి అమెరికాలో కొత్త కార్లన్నింటికీ తప్పనిసరైంది 1996లో. దానికి పదిహేనేళ్ల ముందు ఇది ఆలోచించినవాళ్లకి దండం పెట్టాలి.

దీని విలువ నాకు తెలిసొచ్చింది కారు మొరాయించినప్పుడు. ఇంజన్ బాగా వేడెక్కి, హైవే మీద ఒకే స్పీడులో పోతున్నప్పుడు డ్యాష్‌బోర్డులో ఎన్ని సిలిండర్లు నడుస్తున్నాయో చూపే అంకె 6 నుంచి 4కి మారేది, మారగానే కారు మొత్తం వణికేది, స్టీరింగ్‌లోనూ సీట్లోనూ తెలిసేంత వణుకు. కాస్త యాక్సిలరేటర్ నొక్కితే 8కి వచ్చి మళ్లీ మామూలైపోయేది. కోడ్‌లు చూస్తే ఏమీ లేవు. ఒక గరాజుకి తీసుకెళితే వైరు పీకేస్తామన్నారు, ఇంకోచోట ఇంజన్ కంప్యూటర్‌లోని చిప్ మార్చాలన్నారు. చిప్ మీద అనుమానం రావడం సహజమే, ఆ రోజుల్లో దాని ప్రోగ్రామ్‌కి 13 సవరణలు వచ్చాయి, అయినా చాలామంది ఓనర్లు తృప్తిపడక వైరే పీకించుకున్నారు. కానీ చిప్‌లో తేడా ఉంటే అది చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఒకేలా ఏడిపించాలి కదా, నాకు మాత్రం అరగంట నడిపాకే మొదలయ్యేది.

అప్పుడు ఆ వైరు నేనూ తీశాను, పరీక్ష కోసం. ఎనిమిది మీదే ఉంచి అదే రోడ్డు మీద నడిపితే వణుకు పత్తా లేదు. అంటే ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, వాక్యూమ్ పైపులు బాగానే ఉన్నాయని, తేడా సిలిండర్లు ఆపేచోటే ఉందని తేలింది. వైరు మళ్లీ పెట్టేసి, ఇంజన్ వేడి మీద ఉండగానే ప్యానెల్‌తో జతలు ఆపడం మొదలుపెట్టాను. మొదటి జత ఆపితే ఇంజన్ చప్పుడు నెమ్మదించి కుదురుగా నిలబడింది. రెండో జత ఆపితే అదే వణుకు! ఒక సిలిండర్ ఆగుతోంది, దాని జోడీ ఆగడం లేదు, అంటే డ్యాష్ మీద 4 అని ఉన్నప్పుడు నిజానికి పేలుతున్నవి ఐదు.

ఆపడమంటే ఇక్కడ పెట్రోల్ ఆపడం కాదు. వాల్వుని తెరిచే మీట, అంటే రాకర్ ఆర్మ్, ఏ ఆధారం మీద ఊగుతుందో ఆ ఆధారాన్ని సొలినాయిడ్ వదిలేస్తుంది, ఆ మీటని తోసే కడ్డీ, పుష్‌రాడ్, ఎంత తోసినా వాల్వులు తెరుచుకోవు, లోపల చిక్కుకున్న గాలి స్ప్రింగులా నలుగుతూ సాగుతూ ఉంటుంది. ఇదంతా జరగాలంటే సొలినాయిడ్‌కి కరెంట్ అందాలి. మల్టీమీటర్ పెట్టి ఆ జతలో రెండు వైర్లూ చూస్తే ఒకదాని రీడింగ్ నిలకడగా ఉంది, రెండోది వైరు కాస్త వంచగానే మాయమైపోతోంది. ఇంజన్ వేడికి నలభై ఏళ్లు ఉడికిన వైరు, పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగింది. కొత్త ముక్క వేసి వేడికి తట్టుకునే తొడుగు తొడిగాక ఆ వణుకు మళ్లీ రాలేదు. ఖర్చు చెప్పుకోదగ్గది కాదు, చిప్ మార్పించి ఉంటే డబ్బులూ పోయేవి, వణుకూ ఉండేది.

ప్యానెల్ కూడా అన్నీ చెప్పదు, అది తెలుసుకునే కొనండి. తేడా ఏ జతలో ఉందో చూపించింది గానీ, జతలో ఏ సిలిండర్ అన్నది మీటర్‌తో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. డ్యాష్ మీద అంకె కూడా కంప్యూటర్ ఇచ్చిన ఆజ్ఞ మాత్రమే, ఇంజన్ దాన్ని పాటించిందా లేదా అన్నది నా విషయంలో దానికే తెలియలేదు, అందుకే కోడ్ పడలేదు. ఇక 8, 6, 4 మధ్య మారడం, అన్నీ బాగున్నప్పుడు కూడా, ఇప్పటి కార్లంత మెత్తగా ఏమీ ఉండదు, చిన్న కుదుపు తెలుస్తూనే ఉంటుంది. మైలేజీ సంగతీ అంతే. ఈ కారు పుట్టినప్పుడు దేశమంతా హైవేల మీద 55 మైళ్ల పరిమితి, ఇప్పుడు మా దగ్గర 70, ఆ స్పీడులో 4 అంకె ఎప్పుడో గానీ కనిపించదు. పాత కౌంటీ రోడ్ల మీద నిదానంగా పోతే మాత్రం చాలాసేపు నిలబడుతుంది, అప్పుడు చూడాలి ఆ ముచ్చట.

నాకు ఇంట్లో గరాజు ఉంది, రోజూ ఆఫీసుకి వేరే కారు ఉంది, ఆ ఏడాది సర్వీస్ మాన్యువల్ దొరికింది, ఆదివారాలు చేతులకి గ్రీజు అంటినా ఇంట్లో ఏమీ అనరు. ఇవి లేనివాళ్లకి ఆ మెకానిక్‌ల సలహానే మంచిదేమో, నిజంగానే అంటున్నాను. పైగా మామూలు కార్లలో ఈ ఇంజన్ 1981 ఒక్క ఏడాదే వచ్చింది, లిమోజిన్లలో 1984 దాకా సాగింది, కాబట్టి సొలినాయిడే కాలిపోతే పాత కార్ల నుంచి ఊడదీసినది వెతుక్కోవాల్సిందే, నాకింకా ఆ అవసరం రాలేదు. కొనేటట్టయితే బేరానికి ముందు ఆ రెండు బటన్లూ నొక్కి చూడండి, అంకెలు వెలగకపోతే నేనైతే ఆ కారు తీసుకోను.