ట్రైకోకార్డులు: వరిలో మొగి పురుగుకు సరే, పేనుబంకకు కాదు

యాసంగి వరిలో కాండం తొలిచే మొగి పురుగు కోసం హన్మకొండలోని ఒక పురుగుమందుల దుకాణంలో ట్రైకోకార్డులు కొన్నాను. సరుకు నమ్మదగినదే గాని, అమ్మే తీరు మాత్రం బాగాలేదు.

ఒక్కో కార్డు మీద బియ్యపు చిలకపురుగు గుడ్లు సుమారు 20,000 అతికించి ఉంటాయి. వాటిలో ట్రైకోగ్రామా అనే పరాన్నజీవి కందిరీగ పెరుగుతుంది. అది సోకిన గుడ్డు నల్లబడుతుంది కనుక, మంచి కార్డు నల్లటి గరుకు కాగితంలా కనిపించాలి. మొదటిసారి తెచ్చినవి అలాగే ఉన్నాయి. ముక్కలుగా కత్తిరించి, ఎండ ముదరకముందే ఆకుల అడుగున పిన్ను కొట్టాము. మిల్లీమీటరు కూడా లేని ఆ కందిరీగలు బయటికి వచ్చి, ఆకు కొసల మీద నూగు కప్పుకొని ఉండే మొగి పురుగు గుడ్లను వెతికి, వాటిలో తమ గుడ్లు పెడతాయి. అందువల్ల పురుగు పుట్టకముందే నశిస్తుంది. కాండంలోకి చేరిన పురుగును మాత్రం ఇవి ఏమీ చేయలేవు. ఈసారి ఆ పురుగు వల్ల వచ్చే తెల్లకంకులు, అంటే గింజ పట్టని తాలు కంకులు, తగ్గాయి. కొసల మీది గుడ్లు పోయేలా నారు కొసలు తుంచి నాటాము కాబట్టి ఆ ఘనత అంతా కార్డులదే అనను.

రెండో విడతలో తెచ్చిన కార్డుల మీద తేదీ చెరిగిపోయి ఉంది. భూతద్దం పెట్టి చూస్తే సగానికి పైగా గుడ్లకు చిల్లులు కనిపించాయి, అంటే కందిరీగలు దుకాణంలోనే లేచి వెళ్లిపోయాయన్నమాట. చల్లని పెట్టెలో ఉంచవలసిన వాటిని ఎండ తగిలే బల్ల మీద, అదీ పురుగుమందు డబ్బాల పక్కన పెడితే మరేమవుతుంది?

అంతకంటే అభ్యంతరకరమైనది, బొబ్బర్లలో రసం పీల్చే పేనుబంకకు కూడా ఇవే వాడమని పక్క చేను రైతుకు అంటగట్టడం. ట్రైకోగ్రామా గుడ్లనే, అందులోనూ ఎక్కువగా చిలకపురుగులు, సీతాకోకచిలుకల గుడ్లనే ఆశిస్తుంది. మన వేడి వాతావరణంలో పేనుబంక గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలనే కంటుంది. దాని శత్రువులు వేరు. అఫిడియస్ జాతి, క్యాబేజీ పేనుబంక మీద డయరెటియెల్లా వంటి కందిరీగలు పేనుబంక ఒంట్లోనే గుడ్డు పెడతాయి. లోపలి పిల్లపురుగు దాన్ని తినేయగా, పేనుబంక ఉబ్బి గడ్డి రంగు తిరిగి ఆకుకు అతుక్కుపోతుంది. తరువాత గుండ్రని చిల్లు చేసుకొని కొత్త కందిరీగ బయటపడుతుంది. ఇలా ఉబ్బిన పేనుబంకలు ఆకు అడుగున బాగా కనిపిస్తే మందు కొట్టడం ఆపడమే మేలు, కార్డు కొనవలసిన పని లేదు.

వచ్చే యాసంగికి మళ్లీ కొంటాను గాని, కందిరీగలు లేచే తేదీ చదవగలిగేలా ఉండి, గుడ్లు నల్లగా, చిల్లుల్లేకుండా ఉంటేనే డబ్బు చెల్లిస్తాను.