ఊడొచ్చే టెర్మినల్ బ్లాక్ కోసమైనా ఈ మాడ్యులర్ పీఎల్‌సీ నాకు ఇష్టం

మాడ్యులర్ పీఎల్‌సీ అంటే ఫ్యాక్టరీ మెషీన్లని నడిపే కంట్రోలర్, కావలసిన కార్డులు రాక్‌లో విడివిడిగా ఎక్కించుకునే రకం. దాని సీపీయూ వేగం, మెమరీ, రాక్‌లో ఎన్ని కార్డులు పడతాయి, ఇవన్నీ కేటలాగ్‌లో ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఏళ్ల తరబడి వాడాక నేను మనసారా మెచ్చుకునేది ఐ/ఓ కార్డు (మెషీన్ నుంచి సిగ్నల్స్ తీసుకునేది, దానికి ఆర్డర్లు పంపేది) ముందుభాగంలో వైర్లతో సహా ఊడొచ్చే టెర్మినల్ బ్లాక్‌నే. కొనేటప్పుడు దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

దాని విలువ ఒక రాత్రి షిఫ్ట్‌లో తెలిసింది. సోలినాయిడ్ వాల్వ్ (కాయిల్‌కి కరెంటు ఇస్తే తెరుచుకునే వాల్వ్) ఒకటి తెరుచుకోక లైన్ ఆగిపోయింది. కార్డు మీద ఆ అవుట్‌పుట్ ఎల్ఈడీ చక్కగా వెలుగుతోంది, అంటే పీఎల్‌సీ తన పని తాను చేస్తోందనే ఎవరికైనా అనిపిస్తుంది. గాలి ప్రెజర్ చూశాం, కాయిల్ చూశాం, జంక్షన్ బాక్స్ విప్పి వైరు ఎక్కడైనా తెగిందేమోనని వెతికాం. అక్కడేమీ దొరక్క మల్టీమీటర్ తెచ్చి కార్డు దగ్గరే పెడితే సప్లై వచ్చే కామన్ టెర్మినల్‌లో 24 వోల్టులు ఉన్నాయి, పక్కనున్న అవుట్‌పుట్ టెర్మినల్‌లో సున్నా! లోపల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కాంటాక్ట్ కాలిపోయింది. ఆ ఎల్ఈడీ చూపించేది రిలేకి ఆర్డర్ అందిందని మాత్రమే, కాంటాక్ట్ కలిసిందో లేదో దానికి తెలియదు.

కారణం వెతికితే ప్యానెల్ కట్టినవాళ్లు ఆ కాయిల్‌కి ఎదురు వోల్టేజీని అణిచే డయోడ్ పెట్టలేదు. కాయిల్ ఆఫ్ అయిన ప్రతిసారీ ఎదురు తన్నే వోల్టేజీకి కాంటాక్ట్ దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. ఆ వాల్వ్ నిమిషానికి ఒకసారి పనిచేసినా రోజుకి 1,440 సార్లు, ఏడాదికి ఐదు లక్షలు దాటుతుంది, ఇక ఏ రిలే మాత్రం ఎన్నాళ్లు ఆగుతుంది!

ఇంతా చేసి కార్డు మార్చడం మాత్రం నిమిషాల పని. మా రాక్‌లో పవర్ ఉండగా కార్డు తీయకూడదు కాబట్టి ఆఫ్ చేసి, బ్లాక్‌కి రెండు చివర్లా ఉన్న స్క్రూలు వదులు చేసి లాగితే వైర్ల గుత్తి మొత్తం ఒక్కసారే చేతికొచ్చింది. పాత కార్డు తీశాం, స్పేర్ ఎక్కించాం, బ్లాక్ నొక్కి బిగించాం. ఏ వైరు ఎక్కడ పెట్టాలో అన్న టెన్షనే లేదు. పైగా కోడింగ్ పిన్నులు ఉన్నాయి, 230 వోల్టుల బ్లాక్‌ని 24 వోల్టుల కార్డుకి పెట్టాలని చూసినా కూర్చోదు. అన్నీ ఒకే డబ్బాలో ఉండే మా పాత కాంపాక్ట్ పీఎల్‌సీలో అయితే ప్రతి వైరూ విప్పి, నంబరు చూసి మళ్లీ బిగించాలి, ఆ రాత్రి అది ఉంటే తెల్లారిపోయేది.

అలాగని దీన్ని ఆకాశానికెత్తను. మాది వైర్లని స్క్రూతో బిగించే టైపు, వైబ్రేషన్ ఉన్న మెషీన్ల దగ్గర షట్‌డౌన్ దొరికినప్పుడల్లా బిగింపు చూసుకోవాల్సిందే, స్ప్రింగ్ టైపు దొరికితే అదే తీసుకోండి. డక్ట్‌లో వైర్లు బిర్రుగా లాగి కట్టేస్తే బ్లాక్ ఊడినా పక్కకి జరగదు, కాబట్టి వైరింగ్ చేసేటప్పుడే కాస్త పొడుగు వదిలించండి. ఎవరైనా అడిగితే ముందు ఎల్ఈడీ చూడమనేవాణ్ని, ఇప్పుడూ అంటాను, కాకపోతే రిలే అవుట్‌పుట్ అయితే మీటర్ కూడా పెట్టమంటాను.

మా దగ్గర వందల కొద్దీ పాయింట్లు (ఇన్‌పుట్, అవుట్‌పుట్ కనెక్షన్లు), రాత్రి షిఫ్ట్‌లో మెయింటెనెన్స్‌కి ఒక్కడే మనిషి, అందుకని నాకు ఇది పెట్టిన డబ్బుకి తగినదే. పది పన్నెండు పాయింట్ల చిన్న మెషీన్ అయితే కాంపాక్ట్ చాలేమో. మాడ్యులర్ తీసుకునేవాళ్లు మాత్రం గబగబా ఆన్ ఆఫ్ అయ్యే వాల్వ్‌లకి కాలిపోయే కాంటాక్ట్ లేని ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ కార్డు అడగండి, డయోడ్ పెట్టారో లేదో ప్యానెల్ చేతికొచ్చిన రోజే చూసుకోండి.