బ్లూబానెట్ ఫొటోలకి ఎన్నిసా, విల్లో సిటీ లూపా?

డాలస్‌లో ఉండే మనవాళ్ళకి ఏటా ఇదే ప్రశ్న, పిల్లలకి పట్టులంగాలు వేసి టెక్సస్‌లో వసంతంలో పూసే ఆ నీలం బ్లూబానెట్ పూల మధ్య ఫొటోలు ఎక్కడ తీయాలని.

దూరం: ఎన్నిస్ ఊరు డాలస్ నుంచి గంటలోపే. ఫ్రెడరిక్స్‌బర్గ్ ఊరి దగ్గరి విల్లో సిటీ లూప్ అనే రోడ్డుకి నాలుగు గంటలు.

ఖర్చు: పూలు చూడ్డానికి రెండుచోట్లా టికెట్ లేదు. కానీ లూప్ అంటే దాదాపు హోటల్ ఖర్చు కూడా, వీకెండ్‌లో ఆ రేట్లు అడక్కండి.

ఫొటోలు: అసలు తేడా ఇక్కడే. లూప్ సుమారు 13 మైళ్ళ ఇరుకు రోడ్డు, కొండలు, వాగులు, అందంలో ఎన్నిస్ దాని దరిదాపుల్లోకి కూడా రాదు, కాకపోతే అటూ ఇటూ ప్రైవేటు రాంచులే కాబట్టి పూలల్లోకి దిగడం కుదరదు, మరి పట్టులంగా ఎందుకు వేసినట్టు? ఎన్నిస్‌లోనూ ప్రైవేటు పొలాలు బోలెడు, అయినా బార్డ్‌వెల్ చెరువు పక్కన మెడో వ్యూ నేచర్ ఏరియాలో పూలల్లోకి దిగి తీసుకోవచ్చు.

రిస్క్: రెండుచోట్లా పాములు, కుట్టే ఎర్రచీమలు. పిల్లల్ని కూర్చోబెట్టే ముందు నేల చూడండి, పూలని తొక్కకండి.

టైమింగ్: లూప్‌లో పూలు మార్చి చివర్లోనే మొదలవుతాయి, ఎన్నిస్‌లో మామూలుగా ఏప్రిల్ మధ్యలో బాగా పూస్తాయి.

చంటిపిల్లలో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో ఉంటే ఎన్నిస్‌కే వెళ్ళండి. పెద్ద కెమెరా, ల్యాండ్‌స్కేప్ పిచ్చి ఉండి, వీక్‌డేలో సెలవు దొరికితే లూప్.