విర్ష్ కన్సోల్‌తో నా ఆరు నెలలు

మౌస్‌తో నడిపే కిటికీలు ఉండగా నల్లతెర మీద అక్షరాలు కొట్టుకోవడం ఎందుకని మొదట్లో నేనూ పెదవి విరిచాను. విర్ష్ అంటే వర్చువల్ మెషీన్లను (ఒక కంప్యూటర్ లోపల నడిచే ఊహా కంప్యూటర్లను) ఆదేశాలతో నడిపే పనిముట్టు. దాని ‘కన్సోల్’ ఆదేశం మనల్ని మెషీన్ సీరియల్ పోర్టుకు, అంటే అక్షరాలు మాత్రమే అటూ ఇటూ పోయే దారికి, కలుపుతుంది. ఒక రాత్రి ఒక వర్చువల్ మెషీన్ నెట్‌వర్క్ ఫైలులో నెట్‌వర్క్ కార్డు పేరు ఇఎన్‌పీ1ఎస్0 అని ఉండాల్సిన చోట ఇఎన్‌పీ0ఎస్1 అని రాసి రీస్టార్ట్ చేశాను. ఇక ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా మెషీన్‌లోకి వెళ్లే దారి) పలకలేదు. హోస్టులోకి, అంటే ఆ మెషీన్‌ను నడిపే అసలు కంప్యూటర్‌లోకి, వెళ్లి ‘విర్ష్ కన్సోల్’ అని కొట్టి, పక్కన మెషీన్ పేరు ఇచ్చాను. కనెక్ట్ అయినట్టు రెండు వరుసలు వచ్చి, అంతటితో ఆగిపోయింది. గుండె గుభేలుమంది. ఎంటర్ నొక్కితే లాగిన్ అడిగింది. సీరియల్ పోర్టుకు నెట్‌వర్క్‌తో పని లేదు కదా! రెండు అంకెలు దిద్ది బయటపడ్డాను.

అయితే ఈ సుఖం ఊరికే రాదు. మెషీన్ లోపల గ్రబ్ (బూట్ చేసే ప్రోగ్రామ్) ఫైలులో కెర్నెల్‌కు (లినక్స్ గుండెకాయకు) ఇచ్చే వరుసకు కన్సోల్=టీటీవైఎస్0,115200 అని, అంటే మొదటి సీరియల్ పోర్టూ దాని వేగమూ, ముందే చేర్చి ఉండాలి. లేకపోతే ఎన్నిసార్లు ఎంటర్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు, తప్పు విర్ష్‌ది అనిపిస్తుంది. సిస్టమ్‌డీ (బూట్ అయ్యేటప్పుడు మిగతా ప్రోగ్రాములను మొదలుపెట్టేది) ఉన్న లినక్స్‌లో ఆ ఒక్క మాట చేరిస్తే లాగిన్ దానంతటదే వస్తుంది. గ్రబ్ మెనూ కూడా కనబడాలంటే దాని సీరియల్ అమరిక వేరే. నేను దాన్ని వదిలేశాను, పాత కెర్నెల్‌తో బూట్ చేయాల్సిన రోజున తిట్టుకున్నాను.

కొత్త మెషీన్‌ను విర్ట్-ఇన్‌స్టాల్ (వర్చువల్ మెషీన్లను సృష్టించే ఆదేశం)తో గ్రాఫిక్స్ లేకుండా పెట్టేటప్పుడు ఇంకో చిక్కుంది. ఐఎస్ఓను (ఇన్‌స్టాల్ డిస్కు నకలు ఫైలును) ‘సీడీరామ్’ ఆప్షన్‌తో ఇస్తే కెర్నెల్‌కు ఈ కన్సోల్ మాట చేరవేయడానికి వీల్లేదు, ‘లొకేషన్’ ఆప్షన్‌తో ఇవ్వాలి. ఇది తెలియడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

తెర మాత్రం 80 అక్షరాలు, 24 వరుసల దగ్గరే ఉండిపోతుంది. టెర్మినల్‌ను ఎంత పెద్దది చేసినా ఆ సంగతి లోపలికి తెలియదు. వీఐ ఎడిటర్‌లో పొడవైన వరుస దిద్దుతుంటే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ప్రతిసారీ ఎస్‌టీటీవై ఆదేశంతో వరుసలూ నిలువులూ చెప్పుకోవాల్సిందే.

బయటికి రావడానికి కంట్రోల్‌తో పాటు కుడి చదరపు బ్రాకెట్ నొక్కాలి. అది కన్సోల్ నుంచి మనల్ని విడదీస్తుందే తప్ప లాగౌట్ చేయదు. రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో) ఉండి అలాగే వచ్చేస్తే, తర్వాత కన్సోల్ తెరిచినవారికి పాస్‌వర్డ్ అడగకుండానే రూట్ దొరుకుతుంది. మా జట్టులో ఒకరు మర్నాడు నాకు ఫోను చేసి, “మీరు నిన్న తలుపు తీసి వెళ్లిపోయారు” అన్నారు.