ఏడేళ్లుగా నేవీ లిస్టు తిరగేస్తున్నాను

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో సీనియారిటీ లిస్టులు తయారుచేశాను. రిటైరయ్యాక కాలక్షేపానికి పట్టుకున్నదీ సీనియారిటీ లిస్టే అని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. కాకపోతే ఇది బ్రిటిష్ నౌకాదళానిది. పేరు నేవీ లిస్ట్. అధికారికంగా 1814లో మొదలైంది. అంతకుముందు 1782 నుంచి స్టీల్ అనే ప్రైవేటు ప్రచురణకర్త వేసిన లిస్టు ఉండేది. పాత సంపుటాల స్కాన్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

వాడటం తేలికే. అక్షరక్రమంలో పేరు పట్టుకుంటే హోదా, అది వచ్చిన తేదీ కనిపిస్తాయి. తర్వాతి కాలపు సంపుటాల్లో పక్కన ఒక అంకె కూడా ఉంటుంది. ఆ అంకెతో ఓడల పట్టికకి వెళితే మనిషి ఏ ఓడలో ఉన్నాడో తెలుస్తుంది.

ఈ తేదీలే అసలు సరుకు. బ్రిటిష్ నౌకాదళంలో పేరుమోసిన నెల్సన్‌నే తీసుకోండి. 1797 ఫిబ్రవరి 14న సెయింట్ విన్సెంట్ యుద్ధంలో చూపిన సాహసానికే రియర్ అడ్మిరల్‌ని (అడ్మిరల్ హోదాల్లో మొదటి మెట్టు) చేశారని నేనూ చాలాకాలం నమ్మాను. ప్రమోషన్ తేదీ ఫిబ్రవరి 20. అప్పటికి యుద్ధం కబురే లండన్ చేరలేదు! సీనియారిటీలో వంతు వచ్చింది, అంతే. 1779లో, ఇరవై ఏళ్లకే పోస్ట్ కెప్టెన్ (అంటే పూర్తిస్థాయి కెప్టెన్ హోదా) అయ్యాడు కాబట్టి అంత తొందరగా వచ్చింది. ఆయనకంటే పదేళ్లు పెద్దవాడైన సహచరుడు కాలింగ్‌వుడ్ 1780లో కెప్టెన్ అయ్యాడు. రియర్ అడ్మిరల్ కావడానికి 1799 దాకా ఆగాల్సి వచ్చింది. ఒకసారి పోస్ట్ కెప్టెన్ అయితే, పైవాళ్లు చనిపోతుంటే మనం జరుగుతూ పోవడమే. మా ఆఫీసులో కనీసం రిటైర్మెంట్ వయసైనా ఉండేది.

ఈ పద్ధతికి పరాకాష్ఠ ప్రోవో వాలిస్ అనే అధికారి. నాలుగేళ్ల వయసులోనే ఓడ సిబ్బంది పుస్తకాల్లో పేరెక్కింది. 1813లో బ్రిటిష్ ఓడ షానన్ అమెరికన్ ఓడ చెసపీక్‌ను పట్టుకున్నప్పుడు కెప్టెన్ గాయపడితే కొద్దిరోజులు ఓడ బాధ్యత ఈయన చూశాడు. నెపోలియన్ యుద్ధాల్లో ఓడ నడిపినవాళ్లను రిటైర్ చేయకూడదని 1870లో రూలొచ్చింది. ఆ కొద్దిరోజుల పుణ్యమా అని 1892లో, నూరేళ్ల వయసులో చనిపోయేదాకా ఆయన యాక్టివ్ లిస్టులోనే ఉన్నాడు. మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను.

లోపాలు లేకపోలేదు. లిస్టు 'ఎప్పుడు' అన్నది చెబుతుంది, 'ఎందుకు' అన్నది చెప్పదు. బీటీ అనే అధికారి 1910 జనవరి 1న, ముప్ఫై తొమ్మిది కూడా నిండకుండా, రియర్ అడ్మిరల్ అయ్యాడు. కెప్టెన్‌గా సముద్రం మీద గడపాల్సినంత కాలం గడపకపోతే ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చి మరీ చేశారు. ఇదేదీ ఆ వరసలో కనబడదు. దానికి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడీఎం 196 అనే రికార్డులు చూడాలి. మన భాషలో సర్వీస్ రిజిస్టరూ, కాన్ఫిడెన్షియల్ రిపోర్టూ కలిపి అన్నమాట.

ఇక స్కాన్ల సంగతి. నేను ఎక్కువగా వాడే సైటులో సెర్చ్‌ను నమ్ముకుంటే మునిగినట్టే. 3ని 8గా చదువుతుంది. పేజీ తెరిచి కంటితో చూసుకోవాల్సిందే.

పేర్ల గందరగోళం ఇంకో తలనొప్పి. 1814 లిస్టులో పీటర్ రైనియర్ కనబడి ఉలిక్కిపడ్డాను. మద్రాసు తీరం దగ్గర్నుంచి ఈస్టిండీస్ నౌకాదళం మొత్తాన్ని నడిపిన అడ్మిరల్ రైనియర్ 1808లోనే పోయాడు కదా! ఆయన మేనల్లుడో, అన్నదమ్ముల కొడుకో, అదే పేరుతో కెప్టెన్‌గా ఉన్నాడని తేలేసరికి రెండు రోజులు పట్టింది.

మా విశాఖ కోసం కూడా వెతికాను. 1804 సెప్టెంబర్ 15న మన రేవు ముందే సెంచూరియన్ అనే బ్రిటిష్ ఓడ, ఫ్రెంచి అడ్మిరల్ లినోయిస్ తెచ్చిన మూడు యుద్ధనౌకలతో తలపడింది. అసలు కెప్టెన్ జబ్బుపడి లేడు. బదులుగా ఉన్న జేమ్స్ లిండ్ నిలబడ్డాడు, ఆ తర్వాత సర్ బిరుదు అందుకున్నాడు. లిస్టులో మాత్రం ఆయన పేరు, ఒక తేదీ. విశాఖ ఊసే లేదు.