నాటే రోజుకు వెళ్లడమా, నర్సరీలో పని చేయడమా: ఏది మేలు?

పాడైపోయిన అడవినో గడ్డినేలనో స్థానిక మొక్కలతో మళ్లీ నిలబెట్టే పనిలో చేయి కలపాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఇదే: మొక్కలు నాటే రోజు వస్తే చాలా, నర్సరీకి కూడా రావాలా? నేనైతే నర్సరీ వైపే మొగ్గుతాను.

నాటే రోజు పని కంటికి కనిపిస్తుంది. పొద్దున వెళ్లి గుంతలు తీస్తే, సాయంత్రానికి మొక్కలు నిలబడి ఉంటాయి. ఏడాదికి ఒకటి రెండు రోజులే తీరిక ఉన్నవాళ్లకు, పిల్లలను తీసుకెళ్లాలనుకునేవాళ్లకు అదే నయం. కానీ మొక్కకు అసలు గండం మొదటి ఎండాకాలం. అప్పుడు నీళ్లు పోయడానికి, కలుపు తీయడానికి ఆ రోజు వచ్చినంతమంది రారు.

నర్సరీ పనంటే వారానికి రెండు మూడు గంటలు, నెలల తరబడి. విత్తనాలు శుభ్రం చేయాలి, కవర్లలో మట్టి నింపాలి, కుండీలు కడగాలి. చాలాసార్లు చేసిందే చేస్తుంటాం. అయినా మొక్క బతుకు సగం అక్కడే తేలిపోతుంది.

నారు మార్చడమే చూడండి. వేలెడంత కూడా లేని మొలకను కాడ దగ్గర పట్టుకోకూడదు, నలిగితే పోయినట్టే. ఆకు పట్టుకుని, పుల్లతో చేసిన రంధ్రంలో వేరును నిటారుగా దించాలి. నేను మొదట్లో తొందరపడి దించిన మొలకల్ని ఒక పెద్దావిడ పైకి తీయించి చూపించారు. లోతు చాలక వేరు కొస గాలంలా పైకి వంగి ఉంది. పైన ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. అలాంటి మొక్క కొన్నేళ్లు పెరిగాక కూడా గట్టి గాలికి ఒరిగిపోవచ్చు.

కుండీలు కడగడమూ చిన్న పని కాదు. వేళ్లను కుళ్లబెట్టే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి జాతులు కుండీ మట్టితోపాటే అడవిలోకి చేరతాయి. 2012లో కాలిఫోర్నియాలోని ఒక స్థానిక మొక్కల నర్సరీలో ఫైటోఫ్తోరా టెంటాక్యులాటా బయటపడింది. తర్వాత అడవిని బాగుచేయడానికి నాటిన చోట్లా అదే కనిపించింది. బాగుచేయబోయిన చోటికే తెగులును మోసుకెళ్లడం కన్నా బాధ ఏముంటుంది? అందుకే కుండీలను నేల మీద పెట్టకుండా బల్లల మీద ఉంచుతారు.

నడక ఇష్టమైనవాళ్లకు విత్తన సేకరణ ఉంది. అమెరికాలో స్థానిక మొక్కల విత్తనాలు సేకరించే సీడ్స్ ఆఫ్ సక్సెస్ కార్యక్రమం లెక్క ప్రకారం కనీసం 50 మొక్కల నుంచి తీసుకోవాలి, పండిన విత్తనంలో 20 శాతం మించకూడదు. దీనికి మొక్కల్ని గుర్తుపట్టడం రావాలి కాబట్టి కొత్తవాళ్లు ఒంటరిగా వెళ్లొద్దు.

నడుము నొప్పి ఉన్నవాళ్లకైతే నర్సరీయే సరి, కూర్చుని చేసే పని దొరుకుతుంది. వీలైతే మీరు నారు మార్చిన మొక్కలు ఏ రోజు బయటికి వెళ్తున్నాయో అడిగి, ఆ రోజు నాటడానికీ వెళ్లండి. కవరు చింపినప్పుడు వేళ్లు తిన్నగా దిగాయో, చుట్టలు చుట్టుకున్నాయో మీ కళ్లతోనే చూస్తారు.